కుదరదంటే కుదరదని కాగితం మీద రాసివ్వండి

ఎడిటర్ గారికి నమస్తే.

మీ పేపర్ జిల్లా ఎడిషన్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖుకి అటూఇటూగా లోపలి పేజీలో ఓ మూలన నాలుగు లైన్ల వార్త వస్తుంది, మీరు గమనించారో లేదో. ఈ నెలాఖరు దాకా పోలీస్ యాక్ట్ సెక్షన్ 30 అమల్లో ఉంటుంది, పర్మిషన్ లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేస్తే చర్యలు తప్పవు అని. ఏళ్ళ తరబడి అదే వార్త, నెల పేరు మారుస్తారంతే. నేను లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని, పొద్దున్నే పేపర్ మొదటి అక్షరం నుంచి చివర టెండర్ నోటీసుల దాకా చదవడం నాకున్న పెద్ద పని, కాబట్టి ఈ వార్త కూడా ప్రతి నెలా చదివేవాణ్ణి. అది నా గురించే వేస్తున్నారని మాత్రం మొన్నటిదాకా తెలీలేదు.

మా కాలనీ వెనక ఖాళీ జాగాలో ఊరి చెత్తంతా తెచ్చి పోస్తున్నారు, రాత్రయ్యాక తగలబెడతారు, తలుపులు బిగించుకున్నా పొగ ఆగదు. రెండేళ్ళలో ఎన్ని అర్జీలు పెట్టామో లెక్కల మాస్టార్ని అయ్యుండి నేనే లెక్క మర్చిపోయా. ఆ కథ వేరే, దానికి ఇంకో ఉత్తరం రాస్తా. చివరికి అందరం కలిసి ఒకరోజు పొద్దున పది నుంచి పన్నెండు దాకా మున్సిపల్ ఆఫీసు ఎదురుగా రోడ్డు దిగి ఉన్న స్థలంలో కూర్చుందాం అనుకున్నాం. మొత్తం నలభై మందిమి. సగం మందికి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే మళ్ళీ ఎవరో చెయ్యిచ్చి లేపాలి, అందుకని ముప్పై కుర్చీలు కూడా చెప్పాం టెంట్ హౌస్‌కి. ఈ గుంపు వల్ల శాంతిభద్రతలకి ముప్పంట.

పర్మిషన్ కోసం పది రోజుల ముందే స్టేషన్‌కి వెళ్ళాం. ఎంతమంది వస్తారు, ఎవరెవరు, ఆధార్ జెరాక్సులేవి, మైక్ పెడతారా, ఏం నినాదాలిస్తారు, ఇన్ని అడిగి చివర్లో అసలు ప్రశ్న అడిగారు, మీ వెనక ఏ పార్టీ ఉంది అని. ఏ పార్టీ లేదండీ అంటే ఆ ఎస్సై గారి మొహంలో కనపడిన అనుమానం చూడాలి, పార్టీ ఉందని చెప్పుంటే కాస్త ఊపిరి పీల్చుకునేవాడేమో. అప్లికేషన్ ఇచ్చినట్టు ఓ సంతకం పెట్టి స్టాంపు వేసివ్వమంటే స్టేషన్ రైటర్ నవ్వి "స్టాంపెందుకు మాస్టారూ, మేమున్నాం కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, నేనూ మొహమాటపడి వచ్చేశా. ఆ మొహమాటమే కొంప ముంచింది.

ఆ తర్వాత మూడుసార్లు తిరిగా. ఒకసారి పైకి పంపామన్నారు, ఒకసారి సార్ బందోబస్తులో ఉన్నారన్నారు, మూడోసారి ఫోన్ చేసి చెప్తాం మీరు రానక్కర్లేదన్నారు. కుదరదన్నారా అంటే అనలేదు, సరే అన్నారా అంటే అదీ లేదు. ధర్నాకి ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకి టెంట్ హౌస్ అతను ఫోన్ చేసి "మాస్టారూ తప్పుగా అనుకోకండి, స్టేషన్ నుంచి ఫోనొచ్చింది, రేపు టెంట్ వెయ్యలేను, అడ్వాన్స్ పొద్దున్నే తెచ్చిచ్చేస్తా" అన్నాడు. పర్మిషన్ అడిగింది నేను, జవాబేమో టెంట్ హౌస్ అతనికి. పాపం ఏమంటాడు, పెళ్ళికైనా పేరంటానికైనా మైక్ పెట్టాలంటే అతనికి వాళ్ళతోనే పని.

తెల్లారేసరికి మా గేటు దగ్గర కానిస్టేబుల్ కూర్చునున్నాడు. కుర్రాడు, మా పెద్ద మనవడికన్నా నాలుగైదేళ్ళు పెద్దేమో. మిమ్మల్ని హౌస్ అరెస్ట్ చేశాం మాస్టారూ, ఇవాళ్టికి బయటికి రావద్దు అన్నాడు. ఆర్డర్ కాపీ చూపించమంటే "ఆర్డర్ వాట్సాప్‌లో వచ్చింది, చూపించకూడదు" అన్నాడు. మా ఆవిడ కుర్చీ వేసి టీ ఇచ్చింది. గంటకోసారి లోపలికొచ్చి "ఒక్క ఫోటో మాస్టారూ, గ్రూపులో పెట్టాలి" అని నేను ఇంట్లోనే ఉన్నట్టు ఫోటో తీసుకునేవాడు. మొదటి ఫోటోలో పేపర్ చదువుతున్నా, రెండోదాంట్లో చిక్కుడుకాయలు వలుస్తున్నా, మూడోదానికి లుంగీలో ఉన్నా, చొక్కా వేసుకోనివ్వు బాబూ అంటే ఆగాడు. తర్వాత తల్చుకుంటే నవ్వొచ్చింది గానీ ఆ పూట నవ్వు రాలేదు. సొంతింట్లో, సొంత కుర్చీలో, ఏ నేరం చేశానో ఎవరూ చెప్పకుండా, గంటకోసారి హాజరు. నా సర్వీసంతా నేను పిల్లల హాజరు వేసినవాణ్ణి.

ఆ రోజు మావాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు మాత్రం ఎలాగోలా మున్సిపల్ ఆఫీసు దాకా వెళ్ళారు. పది నిమిషాలు నిలబడ్డారో లేదో వ్యాన్ ఎక్కించి, సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, సొంత పూచీకత్తు అని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పంపారు. చూశారా, మన చేత సంతకం పెట్టించుకోడానికి కాగితం ఉంటుంది, మనకి సంతకం పెట్టివ్వడానికే ఉండదు.

ఆ తర్వాత పట్టుదల వచ్చి మా అమ్మాయి లాప్‌టాప్ ముందేసుకుని నెల రోజులు ఇదే చదివా. రాజ్యాంగం 19(1)(బి)లో ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఉంది. హద్దులు పెట్టొచ్చని 19(3)లో ఉంది, కానీ దేశ సార్వభౌమత్వం, సమగ్రత కోసమో శాంతిభద్రతల కోసమో, అదీ సహేతుకంగా ఉండాలి. మున్సిపల్ ఆఫీసు వాళ్ళకి చిరాగ్గా ఉంటుందని ఎక్కడా లేదు. ఇక ఆ సెక్షన్ 30 సంగతి, అది 1861 నాటి పోలీస్ చట్టం, సిపాయిల తిరుగుబాటు అయిన నాలుగేళ్ళకి తెల్లవాళ్ళు చేసుకున్నది. దాంట్లో కూడా ఊరేగింపులు ఏ దారిన వెళ్ళాలి, ఏ టైంకి వెళ్ళాలి అని క్రమబద్ధం చేసే అధికారం ఉంది, గొడవ జరిగేలా ఉంటే లైసెన్స్ తీసుకోమనొచ్చు అని ఉంది, అంతేగానీ నెలంతా జిల్లాలో ఎవరూ నోరెత్తకూడదు అనే అర్థం నాకైతే ఎక్కడా కనపడలేదు.

ఇంకోటి గుంపులుగా చేరొద్దని పెట్టే, అందరికీ తెలిసిన 144. దానికిప్పుడు పేరు మారింది, 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 163 అయింది. నంబర్ కొత్తది, సరుకు పాతదే. కానీ ఆ పాత సరుకులోనే ఒక మంచి మాటుంది, ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి, అసలేం జరిగిందో, ఏం జరగబోతోందో ఆ వివరాలు దాంట్లో రాయాలి. రెండు నెలలకి మించి ఆ ఉత్తర్వు నిలవదు, ఆ పైన పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వం చెయ్యాలి, దానికీ ఆరు నెలల హద్దుంది. 2020 జనవరిలో కాశ్మీర్ ఇంటర్నెట్ కేసులో, అదే అనురాధా భాసిన్ కేసు, సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది, న్యాయంగా అభిప్రాయం చెప్పుకోడాన్ని, కష్టం చెప్పుకోడాన్ని అణచడానికి 144 వాడకూడదు, ఉత్తర్వుల్ని బయటపెట్టాలి, ఊరికే మళ్ళీమళ్ళీ అవే ఉత్తర్వులు ఇస్తూపోవడం అధికార దుర్వినియోగం అని. అప్పుడే కాదు, 1972లోనే అహ్మదాబాద్‌కి చెందిన హిమత్‌లాల్ షా కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్, వీధుల్లో మీటింగులకి పోలీసుల ఇష్టాయిష్టాల మీద పర్మిషన్ ఇచ్చే రూల్‌ని కొట్టేసింది. ఏ ప్రాతిపదిక మీద ఇస్తారో ఏ ప్రాతిపదిక మీద కాదంటారో రూల్‌లో లేకపోతే అది ఆ ఆఫీసర్ మూడ్ మీద ఆధారపడుతుంది కదా. నేను స్టేషన్ చుట్టూ మూడుసార్లు తిరిగింది ఈ తీర్పొచ్చిన యాభై ఏళ్ళ తర్వాత.

ఇంక హౌస్ అరెస్ట్. ఎవరో అరెస్ట్ చెయ్యాల్సిన నేరం చెయ్యబోతున్నారని పోలీసుకి తెలిసి, ఇంకో దారిలో ఆపడం కుదరకపోతే ముందుగా అరెస్ట్ చెయ్యొచ్చు, పాత చట్టంలో 151, ఇప్పుడు 170. అలా చేసినా ఆ సెక్షన్ కింద 24 గంటలకి మించి ఉంచకూడదు. అది అరెస్ట్ అన్నమాట, అంటే రికార్డ్ ఉంటుంది, కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలియాలి. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని గంటకో ఫోటో తియ్యడం ఏ రికార్డులో ఉంటుంది? రేపు నేను కోర్టుకెళ్ళి నన్ను ఇంట్లోంచి కదలనివ్వలేదండీ అంటే, ఎవరన్నారు, మావాడు మాస్టారి క్షేమం కనుక్కోడానికి వెళ్ళి టీ తాగొచ్చాడు అంటే నేనేం చూపించాలి? ఆ ఫోటోలు కూడా వాళ్ళ గ్రూపులోనే ఉన్నాయి.

నా బాధంతా ఈ కాగితం దగ్గరే ఎడిటర్ గారూ. 2022 సెప్టెంబర్‌లో అమరావతి రైతులు అరసవల్లికి పాదయాత్ర అంటే పోలీసులు కాదన్నారు, కానీ కాదన్నది ఉత్తర్వుగా ఇచ్చారు కాబట్టి వాళ్ళు దాన్ని పట్టుకుని హైకోర్టుకి వెళ్ళి 600 మందితో చేసుకోండని షరతులతో పర్మిషన్ తెచ్చుకోగలిగారు. వాళ్ళ రాజధాని గొడవలో ఎవరిది రైటు అన్నది పక్కన పెట్టండి. కాదు అన్న మాట కాగితం మీదుంటే దాని మీద కొట్లాడొచ్చు. అసలు ఏమీ అనకపోతే ఎవరి మీద, దేని మీద వేస్తాం కేసు? కోర్టులో మొదట అడిగేది ఏ ఉత్తర్వుని సవాలు చేస్తున్నారు అనేగా. పైగా రాసివ్వాలంటే ఆఫీసర్ కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు, నలభై మంది ముసలాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే శాంతిభద్రతలకి భంగం అని తన సంతకంతో రాయడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది, ఫోన్‌లో చెప్పడానికి వణకదు.

ఇది ఫలానా పార్టీ మీద రాస్తున్నా అని ఎవరూ అనుకోకండి. హైదరాబాద్ ఇందిరా పార్క్ ధర్నాచౌక్ చూడండి. ధర్నాలూ బందులూ చేసి, ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ చేసి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్ళే గద్దెనెక్కి 2017లో ధర్నాచౌక్‌ని అక్కణ్ణుంచి ఎత్తేసి ఊరి శివార్లకి పొమ్మన్నారు. ఊరవతల పొలాల్లో ఎవరికి వినపడాలని నినాదాలు? ఆ మే 15న ధర్నాచౌక్ కావాలని ప్రతిపక్షాలవాళ్ళు వెళ్తే, వద్దని కాలనీవాళ్ళ పేరుతో ప్లకార్డులు పట్టుకున్నవాళ్ళలో మఫ్టీ పోలీసులు కూడా ఉన్నారని ఫోటోలతో సహా పేపర్లలో వచ్చింది. తర్వాత నాలుగేళ్ళకి, 2021 నవంబర్ 18న, వడ్లు కొనమని కేంద్రం మీద మహాధర్నా చెయ్యాల్సొచ్చి అదే ముఖ్యమంత్రి అదే ఇందిరా పార్క్ దగ్గర టెంట్ కింద కూర్చున్నారు. అప్పుడు ట్రాఫిక్ ఏమైందో కాలనీవాళ్ళ ఇబ్బంది ఏమైందో మరి.

ఆంధ్రాలో కందుకూరులో 2022 డిసెంబర్ 28న చంద్రబాబు గారి సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది పోయారు, నాలుగు రోజులకే కొత్త సంవత్సరం రోజున గుంటూరులో ఇంకో ముగ్గురు. ఘోరం, ఎవరు కాదంటారు. ఇరుకు సందుల్లో రోడ్‌షోలు పెట్టి జనం ఎక్కువ కనపడాలని చూసుకునే పార్టీలది నిజంగా తప్పే. దానికి అప్పటి ప్రభుత్వం 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చింది, హైవేల మీదే కాదు మున్సిపాలిటీ, పంచాయతీ రోడ్ల మీద కూడా ఎంతో అరుదైన పరిస్థితుల్లో తప్ప సభలకి పర్మిషన్ లేదని. తలనొప్పికి తల తీసేసే వైద్యం. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంతకుముందు 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ, అంటే జీతాల సవరణ మీద చలో విజయవాడ అంటే పర్మిషన్ లేదు, బస్టాండుల్లో రైల్వేస్టేషన్లలో తనిఖీలు పెడితే ప్రభుత్వ ఉద్యోగులు, టీచర్లు వేషాలు మార్చుకుని ఊళ్ళోకి చేరారు. నా తోటి టీచర్లు మారువేషాల్లో! స్కూల్ యానివర్సరీకి వేషాలు వేయించినవాళ్ళకి ఆ విద్య అలా అక్కరకొచ్చింది. అంగన్‌వాడీ ఆయాలు, టీచర్లు జీతాల కోసం సమ్మె చేస్తే 2024 జనవరిలో ఎస్మా, అదే సమ్మెల్ని నిషేధించే చట్టం, పెట్టారు. ఇప్పుడు ప్రభుత్వాలు అటూ మారాయి ఇటూ మారాయి, నెల మొదట్లో వచ్చే ఆ నాలుగు లైన్ల వార్త మారలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పౌరహక్కులు, పదవిలోకొచ్చాక శాంతిభద్రతలు, సీట్లతో పాటు స్క్రిప్టులు కూడా మార్చుకుంటారేమో.

అన్నట్టు మా హౌస్ అరెస్ట్ అయిన అదే వారంలో మా మెయిన్ రోడ్డు మీద ఓ నాయకుడి పుట్టినరోజని రెండు వందల బైకులు సైలెన్సర్లు పీకేసి తిరిగాయి, ముందు డీజే. దానికి పర్మిషన్ ఉందా అని అడిగితే కానిస్టేబుల్ కుర్రాడు నవ్వాడు.

రాస్తారోకోలంటే నాకూ కోపమే, అది దాచను. మా చెల్లెల్ని ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే ఎవరో రోడ్డు మీద బైఠాయించి గంటన్నర కదలనివ్వలేదు, కారులో నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రోడ్డు అందరిదీ. ఢిల్లీలో నెలల తరబడి రోడ్డు మీద నిరసన కూర్చున్న షాహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అదే చెప్పింది, దారుల్ని ఎంతకాలం పడితే అంతకాలం ఆక్రమించుకుని కూర్చోవడం కుదరదు, నిరసనలు వాటికి కేటాయించిన చోట చేసుకోవాలి అని. సరే, ఒప్పుకున్నాం. మరి ఆ కేటాయించిన చోటేది? విజయవాడలో అలంకార్ సెంటర్ దగ్గర ధర్నాచౌక్ ఉంది, హైదరాబాద్‌లో ఇందిరా పార్క్ ఉంది, మా లాంటి చిన్న టౌన్‌కి ఏముంది? బెంగళూరులో అయితే నిరసనలన్నీ ఫ్రీడం పార్కులోనే చేసుకోవాలని రూల్ పెట్టారు, అది ఒకప్పటి సెంట్రల్ జైలు, ఎమర్జెన్సీలో నాయకుల్ని పెట్టిన చోటు. నిరసన చెయ్యాలంటే ముందు జైల్లోకి నడవాలి, మనవాళ్ళకి వ్యంగ్యం బాగానే వచ్చు. 2018లో, ఢిల్లీలో నిరసనలు జరిగే జంతర్ మంతర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది కూడా ఇదే కదా, చుట్టుపక్కల నివాసముండేవాళ్ళ ఇబ్బంది చూడాలి, అలాగని అక్కడ పూర్తిగా నిషేధించకూడదు, గైడ్‌లైన్స్ తయారుచేసి దాన్ని బట్టి పర్మిషన్లు ఇవ్వండి అని. ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడే దూరంలో ఉంటేనే అది నిరసన.

జర్మనీలో ఆరుబయట సభ పెట్టాలనుకుంటే దాన్ని జనానికి ప్రకటించడానికి 48 గంటల ముందు అధికారులకి తెలియజేస్తారు, తెలియజేస్తారంతే, పర్మిషన్ అడగరు. ఏదైనా ప్రమాదం ఉంటే ఆపాల్సిన బాధ్యత, కారణం చెప్పాల్సిన బాధ్యత అధికారులది. బ్రిటన్‌లో ఊరేగింపుకి ఆరు రోజుల ముందు నోటీసివ్వాలి, ఈ మధ్య వాళ్ళూ చట్టాలు బిగిస్తున్నారనుకోండి. అంత దూరం ఎందుకు, తెలంగాణలో 2020లో భవనాల పర్మిషన్లకి టీఎస్ బీపాస్ అనే పద్ధతి తెచ్చినప్పుడు పెద్ద భవనం కట్టుకోడానికి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే 21 రోజుల్లో జవాబు రాకపోతే పర్మిషన్ వచ్చినట్టే అన్నారు. భవనమంటే వందేళ్ళు నిలబడేది, దానికి మౌనం అంగీకారం అయినప్పుడు రెండు గంటలు కుర్చీల్లో కూర్చుని లేచిపోయేదానికి ఎందుకు కాకూడదు? అప్లికేషన్ తీసుకున్న రోజే రసీదివ్వండి. మూడు రోజుల్లో అవునో కాదో చెప్పండి. కాదంటే ఎందుకు కాదో, ఆ చోటు కాకపోతే ఏ చోటో, ఆ రోజు కాకపోతే ఏ రోజో రాసి, కింద పేరూ హోదా కనపడేలా సంతకం పెట్టండి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టు లెక్క. ఈ సెక్షన్ 30 ఉత్తర్వుల్ని, 163 ఉత్తర్వుల్ని కారణాలతో సహా పూర్తిగా జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టండి. టెంట్ హౌస్‌లకి, ఆటోవాళ్ళకి ఫోన్లు చెయ్యడం మానండి. ఇవన్నీ చెయ్యడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, డీజీపీ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ చాలు.

మీకూ ఒక విన్నపం. ఈసారి ఒకటో తారీఖున ఆ నాలుగు లైన్ల ప్రెస్ నోట్ వస్తే మీ రిపోర్టర్‌ని అసలు ఉత్తర్వు కాపీ ఒకటి అడగమనండి. దాంట్లో కారణం ఏం రాశారో అది కూడా వెయ్యండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని వెయ్యండి.

మేం మళ్ళీ అప్లికేషన్ పెట్టాం. ఈసారి రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి, కుర్చీలు మాత్రం ఎవరింటివి వాళ్ళే తెచ్చుకుంటామని అందులోనే రాశాం. కార్డు సంతకంతో తిరిగొచ్చింది, బీరువాలో పెట్టా. ఇవాళ్టికి తొమ్మిది రోజులైంది, జవాబు లేదు. నిన్న సాయంత్రం ఆ కానిస్టేబుల్ కుర్రాడు కూరగాయల దగ్గర కనపడి, "మాస్టారూ, పన్నెండో తారీఖు మీరు ఊళ్ళోనే ఉంటారా?" అని అడిగాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు
(పేరూ ఊరూ వెయ్యకండి, కాలనీలో ఇంకా ముప్పై తొమ్మిది మంది ఉన్నారు)